తాండూరు నీళ్ళ మహిమ

నన్ను చూడటానికి వచ్చే కుర్ర డాక్టర్లందరూ ఒకటే అడుగుతారు. పిల్లల రక్త కేన్సర్ మీద మీరు పని మొదలుపెట్టిన రోజుల్లో ఎలా ఉండేదమ్మా అని. ఏముంది చెప్పడానికి? ఆ జబ్బుతో పిల్లవాడు వస్తే మైక్రోస్కోపు కింద చూసి జబ్బుకు పేరు పెట్టేవాళ్ళం. తరవాత తల్లిదండ్రుల ముందు తల దించుకునేవాళ్ళం. ఉన్న ఒకటి రెండు మందులు కొన్ని నెలలు ఆపేవి, అంతే. అందులో మీకు పనికొచ్చే గొప్ప ఏమీ లేదు.

మీకు పనికొచ్చేది ఇంకొకటి ఉంది. అది నేను ఒక తీర్థాన్ని పుట్టించిన సంగతి. అవును, నేనే. తాయెత్తుల మీద, మంత్రించిన నీళ్ళ మీద, బాణామతి భయం మీద నలభై ఏళ్ళు వ్యాసాలు రాసినదాన్ని, సభల్లో గొంతు చించుకున్నదాన్ని. నా వ్యాసాలు చదివి ఎంతమంది తాయెత్తులు తెంపుకున్నారో నాకు తెలియదు. నేను పుట్టించిన నీళ్ళు మాత్రం రైలెక్కి ఊరూరా తిరిగాయి.

నిజాం పాలన పోయి పదేళ్ళయిన రోజులవి. పట్నంలో పిల్లల రక్త జబ్బుల మీద పని చేసే మా చిన్న విభాగంలో వయసులో అందరికన్నా చిన్నదాన్ని నేనే, గొంతులో అందరికన్నా పెద్దదాన్నీ నేనే. మా నాన్న సంస్కరణ సభల్లో తిరిగిన మనిషి. అన్నం ముందు కూర్చున్నా ఏదో ఒక వాదం పెట్టేవాడు. ఓడిపోవడం అనేది మా ఇంట్లో జ్వరం రావడంలాంటిది, నాలుగు రోజులు మనిషి మంచం దిగడు. అలా పెరిగాను.

మా ప్రొఫెసర్ ఆలోచన సరైనదే. జబ్బు రక్తం సంగతి తేల్చాలంటే ముందు మామూలు పల్లె పిల్లల రక్తం ఎలా ఉంటుందో తెలియాలి, అది ఎవరూ కొలవలేదు, నువ్వు వెళ్ళి కొలిచి రా అన్నారు. వికారాబాద్ ఒక మకాం, తాండూరు ఒక మకాం. పదిహేను రోజులు ఇక్కడ, పదిహేను రోజులు అక్కడ. నాతో ఒక లాబ్ అసిస్టెంటు, ఒక జీపు, దానికో డ్రైవరు.

లాబ్ అసిస్టెంటును అందరూ చాచా అనేవారు. నిజాం కాలపు దవాఖానాలో చేరి ముప్పై ఏళ్ళుగా రక్తం కొలుస్తున్న మనిషి. తెల్లటి గడ్డం, ఇస్త్రీ చెదరని షేర్వాణీ. నన్ను "డాక్టర్ సాబ్" అనేవాడు. ఆడవాళ్ళను కూడా సాబ్ అంటారా అని ఒకసారి అడిగాను. "డాక్టర్ల మొగ ఆడ ఏముంటది, చదువు ఉంటది" అన్నాడు. ఆ ఒక్క మాటకు నేను ఆయన్ని జీవితాంతం గౌరవించి ఉండాల్సింది. ఒక్క వారం కూడా గౌరవించలేదు.

మా పనిముట్టు సంగతి నాలుగు మాటల్లో చెబుతాను. పిల్లవాడి వేలు గుచ్చి తీసిన రక్తపు చుక్కను గీతలున్న గాజు గొట్టంలోని ఆసిడ్‌లో కలిపితే కాసేపటికి అది గోధుమ రంగుకు తిరుగుతుంది. పక్కనే మూత బిగించిన ఇంకో గొట్టంలో నమూనా రంగు ఉంటుంది. పిల్లవాడి రక్తం ఆ నమూనా అంత పల్చబడేదాకా చుక్కచుక్క నీళ్ళు పోస్తూ పోవాలి. ఎక్కువ నీళ్ళు పడితే మంచి రక్తం, తక్కువ పడితే పేద రక్తం. పరీక్ష మొత్తం ఆ నమూనా రంగు మీద నిలబడి ఉంటుంది. ఇది గుర్తుంటే చాలు.

మొదటి వారంలోనే వికారాబాద్‌లో చాచా చేతిలో రక్తం కొలిచే సన్నటి గాజు పుల్ల ఒకటి విరిగింది. ఆయన దాచలేదు. రెండు ముక్కలూ అరచేతిలో పెట్టుకొని నా ముందుకే వచ్చాడు. అయినా నేను సత్యం గురించి ముప్పావు గంట ఉపన్యాసం ఇచ్చాను. వస్తువు విరగడం నేరం కాదు, దాచడమే నేరం అన్నాను. దాచని మనిషికి అది ఎందుకు చెప్పానంటే, ఉపన్యాసం నా దగ్గర సిద్ధంగా ఉంది. నేరం కాదంటూనే మూడు కాపీల సంజాయిషీ రాయించుకున్నాను. ఇంకొక గాజు సామాను పోతే పైకి రాస్తానని కూడా అన్నాను. ఆయనకు పెన్షన్ ఇంకా రెండేళ్ళ దూరంలో ఉంది.

మూడు నెలల్లో అంకెలు పోగుపడ్డాయి. విచిత్రం ఏమిటంటే, వికారాబాద్ వైపు పిల్లల రక్తం పేదగా ఉంది. తాండూరు వైపు పిల్లల రక్తం పట్నం పెద్దింటి పిల్లలకు కూడా లేనంత బాగుంది. రెండు చోట్లా తినేది జొన్నరొట్టె, కందిపప్పు, కారం. రెండు చోట్లా చెప్పుల్లేని కాళ్ళే. తాండూరులో పిల్లలు పొద్దంతా బండల గనుల దుమ్ములో ఉంటారు, వాళ్ళే బలంగా ఉన్నారట. ఎవరికైనా అనుమానం రావాలి. నాకు అనుమానం రాలేదు, సిద్ధాంతం వచ్చింది.

తాండూరు నేలలో పొరలు పొరలుగా ఉన్న బండ గుండా ఊరే నీళ్ళలో ఇనుము ఉంటుందనీ, ఆ నీళ్ళు తాగి పిల్లలకు రక్తం పడుతోందనీ తేల్చాను. నీళ్ళను పరీక్షకు పంపానా? పంపాలనుకున్నాను. ఈలోగా తాండూరు పెద్దలు బడిలో సభ పెట్టారు. గంటన్నర మాట్లాడాను. మూఢనమ్మకాలను దులిపేసి, చివర నా సిద్ధాంతం చెప్పాను. ఒక బండల వ్యాపారి లేచి, "మా తాండూర్ బండ మీద నడిస్తేనే బలమని మా పెద్దలు అంటుండిరి. ఇయ్యాల డాక్టరమ్మ రుజువు జేసింది" అన్నాడు. చప్పట్లు మోగాయి. ఆ చప్పట్లలో నాకు తప్పేమీ వినబడలేదు.

పదిహేను రోజుల తరవాత వికారాబాద్ వచ్చేసరికి ఆ ఊరి వకీలు ఒకాయన నన్ను నిలదీశాడు. "మా పిల్లలకు నెత్తురు లేదని రాసినవట గద అమ్మా. మల్ల మా గతేంది?" నేను సమాధానం చెప్పే లోపలే జనం దారి కనుక్కున్నారు. తాండూరు నుంచి వచ్చే ప్యాసింజరులో ఇత్తడి బిందెలు దిగడం మొదలైంది. గుడ్డ కట్టిన బిందెలు, సోడా సీసాలు, కిరసనాయిలు డబ్బాలు. నేను దిగిన ఇంటి ఇల్లాలు ఒకరోజు పొద్దున్నే గ్లాసు చేతికిచ్చి, "తాండూర్ నీళ్ళు, తాగు బిడ్డా, మొఖం పాలిపోయింది. సోమవారం పరగడుపున తాగితె ఇంక మంచిదట" అంది. సోమవారానికీ రక్తానికీ సంబంధం లేదని ఆవిడకు అరగంట బోధించాను. సోమవారాన్ని ఖండించాను. నీళ్ళను ఖండించలేదు. తాగాను కూడా.

ఇక అసలు సంగతికి వస్తాను.

తాండూరుకు రెండు కోసుల దూరంలోని పల్లె నుంచి ఒక గొర్రెల కాపరి తన మనవరాలిని తీసుకొచ్చాడు. ఆ పిల్లకు ఆరేడేళ్ళుంటాయి. గొంగడిలో చుట్టి భుజాన వేసుకొచ్చాడు. వేలు గుచ్చితే ఊరంతా వినబడేలా ఏడ్చే పిల్లలను చూసి చూసి ఉన్నాం. ఈ పిల్ల ఏడవలేదు. చేతిలో ఒక చిన్న రాతిపలక ముక్క ఉంది, దాన్ని చప్పరిస్తూ మా వైపు చూస్తూ ఉంది.

పట్నం వార్డులో మా విభాగానికి రెండే మంచాలుండేవి. మంచి రక్తం నూరనుకుంటే, నలభైకి తక్కువ ఉన్న పిల్లలకే మంచం, రైలు పాసు. ఆ రూలు రాసింది నేనే. పిల్ల రక్తం యాభై వచ్చింది.

"యాభై ఉంది తాతా. పరవాలేదు. పప్పు పెట్టండి, ఆకుకూర పెట్టండి" అన్నాను.

"పెడ్తనే ఉన్నం. తింటె గద? మట్టి తింటది, రాయి నాకుతది. నాలుగడుగులేస్తె ఆయాసం" అన్నాడు ముసలాయన. పిల్ల కింది కనురెప్పను బొటనవేలితో గుంజి చూపించాడు. "జర గిది సూడు డాక్టరమ్మా. గొర్రెకు గిట్ల తెల్లగుంటే దాన్ని మేము మందల ఉంచం. పక్కకు తీసి మందేస్తం. లేకుంటె వారానికి సస్తది."

"గొర్రె వేరు, మనిషి వేరు" అన్నాను.

వారం తరవాత మళ్ళీ వచ్చాడు. నలభై ఎనిమిది. ఈసారి ఆయనకు పనిముట్టుకూ అంచనాకూ ఉన్న తేడా గురించి వివరంగా చెప్పాను. కొలవలేనిది శాస్త్రం కాదన్నాను. మధ్యలో ఒక్క మాట కూడా అడ్డం రాకుండా విన్నాడు. అయ్యాక పిల్లను భుజాన వేసుకుంటూ, "గింత చెప్పినవ్ గని, పోరి దిక్కు ఒక్కసారి సూడలేదు నువ్వు" అని వెళ్ళిపోయాడు.

మూడోసారి అంగడి రోజున వచ్చాడు. బడి వరండాలో మా బల్ల. గనుల్లో పనిచేసేవాళ్ళ పిల్లలు పదకొండు మంది వరుసలో ఉన్నారు. చుట్టూ అంగడికొచ్చిన జనం. పిల్లను కింద కూర్చోబెట్టబోతే అది కూర్చోలేక పక్కకు ఒరిగింది. మళ్ళీ ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఇది ఆఖరుసారి డాక్టరమ్మా. ఇయ్యాల గూడ నువ్వు వద్దంటె ఇంటికి తీస్కపోత. మల్ల తెచ్చేటందుకు పోరి ఉండదు."

"తాతా, మీ గొర్రెల లెక్క నాకు పనికిరాదని చెప్పాను కదా."

"నెత్తురు నెత్తురే గద? మీ పట్నంల కుందేళ్ళ మీద మందులు సూస్తరట. గా చాచా చెప్పిండు. కుందేలు మనిషైతది గని గొర్రె గాదా?"

జనం నవ్వారు.  వాదం చేజారుతుంటే నేను సవాలు విసురుతాను. తాయెత్తులు కట్టేవాళ్ళకూ ముహూర్తాలు పెట్టేవాళ్ళకూ ఎన్నోసార్లు విసిరిన సవాలే ఇది. అందరి ముందు పరీక్షకు నిలబడతారా అని. వాళ్ళెవరూ ఎన్నడూ నిలబడలేదు. ఈయన గొంగడి పక్కన పెట్టి, "నిలబడ్త. జల్ది కానియ్, బండి టైమైతది" అన్నాడు. పట్నం వెళ్ళే ప్యాసింజరు మధ్యాహ్నం మూడింటికి. ఆయన పిల్లకు పాసు దొరుకుతుందనే నమ్మకంతోనే వచ్చాడని అప్పుడు నాకు అర్థమైంది.

పరీక్ష ఇది. పిల్లల కనురెప్పలు చూసి ఆయన వాళ్ళందరినీ మంచి రక్తం నుంచి చెడ్డ రక్తం దాకా వరుసగా నిలబెట్టాలి. తరవాత నేను పనిముట్టుతో కొలుస్తాను.

ఆయనకు పావుగంట కూడా పట్టలేదు. ఒక్కొక్కరి రెప్ప గుంజడం, "హొయ్, నువ్వు గిటు", "నువ్వు గా సివరకు" అంటూ వెనక నుంచి మెడ మీద చెయ్యి వేసి తోలడం. రెండుసార్లు నాలుకతో మందను అదిలించే చప్పుడు కూడా చేశాడు. పిల్లలు నవ్వుతూ అచ్చంగా గొర్రెల్లాగే కదిలారు. తన మనవరాలిని చిట్టచివర పెట్టాడు.

చాచా, నేను కలిసి కొలిచేసరికి ఒంటిగంట దాటింది. పన్నెండు మందిలో పది మంది ఆయన నిలబెట్టిన చోటే ఉన్నారు. మిగతా ఇద్దరు పక్కపక్కవాళ్ళు, ఒకరి స్థానంలో ఇంకొకరున్నారు. మా డ్రైవరు వేళ్ళ మీద లెక్కపెట్టి జనానికి తెలుగులో చెప్పి, గేటు దగ్గరున్న బండ్ల వాళ్ళకు కన్నడంలో కూడా చెప్పి వచ్చాడు. జీతం నా దగ్గర, సంతోషం తాత పక్షాన.

నేను ఓటమి ఒప్పుకోలేదు. "వరుస సరిగ్గానే పెట్టారు. కానీ వీళ్ళంతా బాగున్నవాళ్ళే తాతా. మీ మనవరాలికి నలభై ఏడు, వాళ్ళకన్నా కొంచెం తక్కువ, అంతే" అన్నాను.

"గదే చెప్తున్న. నువ్వు మంచి మందల బక్కదంటున్నవ్. నేను బక్క మందల సచ్చేదంటున్న. వరుస ఇద్దరిది ఒక్కటే అయినంక, ఎవరిదో ఒకరిది తప్పు గద బిడ్డా?"

ఇంతకన్నా శుభ్రమైన తర్కం నేను మా నాన్న దగ్గర కూడా వినలేదు. వరుస ఒకటే, మట్టం వేరు. అయితే ఎవరో ఒకరి మట్టం తప్పాలి. దాన్ని పట్టుకోవాలంటే రక్తం ఎంతో ముందే తెలిసిన మనిషి ఒకరు కావాలి. అలాంటి మనిషి అక్కడ ఒక్కతే ఉంది. మూడు వారాల క్రితం పట్నం వెళ్ళినప్పుడు లాబ్‌లో కళ్ళు తిరిగి పడితే మా ప్రొఫెసర్ స్వయంగా నా రక్తం కొలిచారు. అరవై రెండు.

"నా కన్ను చూడండి" అన్నాను.

గొర్రె బొచ్చు, బీడీ కలిసిన వాసన వచ్చే బొటనవేలితో నా రెప్ప గుంజాడు. "నువ్వు పో, గా నాలుగో పోరగాని ఎనక నిలబడు" అన్నాడు. వెళ్ళి నిలబడ్డాను. ఐదోవాడికి జరగడం ఇష్టం లేక నన్ను మోచేత్తో పొడిచాడు.

చాచా నా వేలు గుచ్చాడు. చుక్కను ఆసిడ్‌లో కలిపి గొట్టం నాకు అందించాడు. నీళ్ళు పోస్తూ పోయాను. పోస్తూనే ఉన్నాను. నూట ఐదు.

"మూడు వారాల్లో అరవై రెండు నుంచి నూట ఐదు" అని పైకే అన్నాను. "చూశారా, తాండూరు నీళ్ళు..."

"డాక్టర్ సాబ్" అన్నాడు చాచా. "మాఫ్ చెయ్యుండ్రి. నీళ్ళు గాదు. గా నమూనా గొట్టంల ఉన్నది నమూనా గాదు. చాయ్."

"ఏ చాయ్?" అన్నాను. పరిశోధన బుర్రను పాడుచేస్తుంది. ఎందుకు అని అడగాల్సిన చోట ఏది అని అడుగుతుంది.

"తాండూర్ టేషన్ చాయ్. పాలు లేకుండ."

"వికారాబాద్‌లో?"

"ఆడ ఆడి టేషన్‌ది. నాలుగు రోజులకు బూజు పడ్తది సాబ్. యాడుంటె ఆడ నింపుకుంటున్న."

డ్రైవరు ముందుకొచ్చాడు. "అమ్మా, తాండూర్ల చాయ్ నీళ్ళ లెక్క ఉంటదని నేను ఎప్పటిసంది మొత్తుకుంటున్న. వాడు చాపత్తి అసలే వెయ్యడు. వికారాబాదోడు పొద్దటి నుంచి మరగబెడ్తనే ఉంటడు, గది డాంబర్ లెక్కుంటది."

అంటే నా నాలుగు నెలల పరిశోధన, బండ పొరలు, ఇనుము, గంటన్నర ఉపన్యాసం, అన్నీ కలిపితే రెండు స్టేషన్ల చాయ్‌ల మధ్య ఉన్న తేడా. చాయ్ పల్చగా ఉన్న ఊళ్ళో పిల్లలు బలవంతులు, చిక్కగా ఉన్న ఊళ్ళో పిల్లలు బలహీనులు.

ముసలాయన చాలా గంభీరంగా అడిగాడు. "పట్నంల నెత్తురు చాయ్‌తోని సూస్తరా?"

చాచా తల వంచుకొనే మిగతాదంతా చెప్పాడు. గాజు పుల్ల విరిగిన మరుసటి వారం, పరిగి రోడ్డు మీద జీపు గుంతలో పడిన రోజు పెట్టె ఎగిరిపడి నమూనా గొట్టం మూత పగిలింది, రంగు కారిపోయింది. ముప్పై ఏళ్ళుగా చూస్తున్న రంగు కాబట్టి మొదటిరోజు చాయ్‌ని ఆ రంగుకు సరిగ్గానే కలిపాడు. తరవాత తరవాత చాయ్ ఎలా వస్తే అలా.

"నాకెందుకు చెప్పలేదు చాచా?"

"చెప్దామనే మూడుసార్లు వచ్చిన సాబ్. మీరు నిజం గురించి మాట్లాడుతుండ్రి. నడుమ సందు దొరకలేదు."

ఈ వాక్యం మీరు మీ లాబ్‌లో గోడ మీద రాసుకోవచ్చు. నేను మూఢనమ్మకం మీద కత్తి దూసిన చోటల్లా నా చుట్టూ ఉన్నవాళ్ళ నోళ్ళు మూతబడ్డాయి. సత్యం గురించి అంత పెద్ద గొంతుతో అరిచే మనిషికి సత్యం చెప్పడానికి ఎవరికి ధైర్యం వస్తుంది?

ఇంకో సిగ్గుమాలిన సంగతి కూడా చెప్పాలి. కనురెప్ప గుంజి చూడటం గొర్రెల కాపరుల రహస్య విద్య కాదు. వైద్య కళాశాలలో రోగిని ముట్టుకోవడం నేర్పిన మొదటి రోజుల్లోనే మాకు చెప్పిన పాఠం. దానికి పరీక్షలో నాకు మంచి మార్కులు కూడా వచ్చాయి. చేతిలో అంకె ఉంది కదా అని ఆ పాఠం పక్కన పెట్టాను. ఆ పిల్ల తెల్లగా కనబడలేదా అంటే, కనబడింది. వరండాలో వెలుతురు అలాంటిదని అనుకున్నాను.

అప్పుడు మొదటిసారి పిల్ల దగ్గర కూర్చున్నాను. రెప్ప లోపల సున్నం కొట్టిన గోడలా ఉంది. గోళ్ళు చదునైపోయాయి. ఛాతీ మీద చెవి పెడితే గుండె పరుగెత్తుతోంది. చేతి మీద చెయ్యి వేస్తే పిల్ల తన రాతిముక్కను నాకివ్వబోయింది, నేను దానికోసమే వచ్చాననుకొని.

గంటలో రైలు. పాసు కాగితం ముందు పెట్టుకున్నాను. మొదటి గడి, రక్త శాతం. నా దగ్గర ఉన్నది చాయ్ గొట్టం.

"ముప్పై అని రాయుండ్రి సాబ్" అన్నాడు చాచా.

"ఎవరు సూస్తరమ్మా, ఇరవై అని రాసి పారెయ్" అన్నాడు డ్రైవరు.

"నాలుగు నెలలు తెలియక అబద్ధపు అంకెలు రాశాను. తెలిసి ఒక్కటి కూడా రాయను" అన్నాను. చాచా ముఖంలో మళ్ళీ ఉపన్యాసం వస్తుందన్న భయం కనబడింది. ఆపేశాను.

రక్త శాతం దగ్గర "కొలవలేదు, పనిముట్టు చెడిపోయింది" అని రాశాను. పరీక్ష పద్ధతి దగ్గర "కింది కనురెప్ప చూసి" అని రాశాను. పరీక్ష చేసినవారు అన్న గడిలో "గొర్రెల కాపరి, పిల్ల తాత" అని రాసి ఇంకుప్యాడ్ ఆయన ముందుకు జరిపాను. ఆయన బొటనవేలి ముద్ర వేశాడు. దాని కింద, "సరిచూసినవారు" అన్న చోట, నేను సంతకం పెట్టాను. ఇంకో కాగితం మీద నమూనా గొట్టంలో చాయ్ ఉందనీ, ఈ నాలుగు నెలల అంకెలన్నీ కొట్టేయమనీ, తప్పుకు కారణం నేనేననీ ప్రొఫెసర్‌కు రాశాను. మూడు కాపీలు.

తాతనూ మనవరాలినీ రైలెక్కించి తోడుగా డ్రైవరును పంపాను. పట్నంలో సరైన పనిముట్టుతో కొలిస్తే పిల్ల రక్తం ఇరవై ఎనిమిది. కడుపు నిండా నులిపురుగులు, ఇంకొన్నాళ్ళుంటే గుండె ఆగేదన్నారు. అది కేన్సర్ కాదు, వింత జబ్బు కాదు, మాకు చేతనైన జబ్బు. చేతకాని జబ్బుల ముందు తల దించుకునే మేము చేతనైనదాన్ని రెండుసార్లు ఇంటికి పంపాం. రక్తం ఎక్కించాల్సి వచ్చి చూస్తే తాత రక్తం కలవలేదు, డ్రైవరుది కలిసింది. రిటైరయ్యేదాకా చాయ్ తాగిన ప్రతి కొట్టు దగ్గరా ఆయన తానిచ్చిన సీసా రక్తం సంగతి చెప్పాడు. ప్రతిసారీ సీసా కొంచెం పెద్దదయ్యేది.

ప్రొఫెసర్ నన్ను పిలిపించారు. ఉద్యోగం పోయిందనే వెళ్ళాను. నా కాగితం ముందు పెట్టుకొని, గొంతు తగ్గించి, "మా ఇంట్లో తాండూరు నీళ్ళు రెండు సీసాలున్నాయి. మా ఆవిడ సోమవారం సోమవారం పరగడుపున ఇస్తోంది. వాటినేం చెయ్యమంటావు?" అన్నారు.

కొత్త నమూనా వచ్చింది. ఈసారి గట్టి గాజుది, కారేది కాదు. కొలిచిన పిల్లలందరినీ మళ్ళీ కొలిచాం. తాండూరు, వికారాబాద్ పిల్లలు ఒకరికన్నా ఒకరు మెరుగేమీ కాదు, రెండు చోట్లా రక్తం తక్కువే. నులిపురుగుల మందు ఇంటింటికీ మోసుకెళ్ళాం. సందు దొరకని మనిషి చాచా, ఆ తరవాత రోజూ సాయంత్రం నాకు ఆనాటి తప్పులు చదివి వినిపించే పని పెట్టుకున్నాడు. చాలామటుకు అవి నావే ఉండేవి. పెన్షన్‌కు ఏ ఆటంకమూ రాలేదు.

తాండూరు బడిలో మళ్ళీ సభ పెట్టించి తప్పు ఒప్పుకున్నాను. ఈసారి చప్పట్లు లేవు. ఆ బండల వ్యాపారే లేచి ఓదార్పుగా అన్నాడు, "నీ చాయ్ తప్పయితె కావచ్చు డాక్టరమ్మా, మా నీళ్ళు మాత్రం మంచియే." ఆ తరవాత ఎన్నో ఏళ్ళు వికారాబాద్‌లో బిందెలు దిగుతూనే ఉన్నాయి. తప్పును పుట్టించడానికి నాకు గంటన్నర పట్టింది. దాన్ని చంపడానికి నా సర్వీసు చాల్లేదు.

ఆరు వారాల తరవాత పిల్ల తిరిగివచ్చే రోజున నేను తాండూరు స్టేషన్‌కు వెళ్ళాను. తాత దిగేలోపలే అది ప్లాట్‌ఫారం మీదికి దూకింది. అంతవరకూ నేను దాని గొంతు వినలేదు. ఇప్పుడు ఆపకుండా మాట్లాడుతోంది, దవాఖాన అన్నం గురించి, నర్సు గురించి, పక్క మంచం పిల్లాడి గురించి. నన్ను చూసి ఆగింది.

"తాతా, మనల్ని రెండుసార్లు ఎల్లగొట్టింది గీ డాక్టరమ్మనే గద?"

"అట్లనొద్దు బిడ్డా" అన్నాడు తాత ఇబ్బందిపడుతూ. "పట్నం తోలింది గూడ ఈమెనే."

"గది మూడోసారి." నా వైపు తిరిగింది. "రెండుసార్లు ఎందుకు ఎల్లగొట్టినవ్?"

చెప్పడం మొదలుపెట్టాను. గొట్టం అన్నాను, నమూనా అన్నాను, చాయ్ అన్నాను. పిల్ల ఓపిగ్గా విన్నది.

"నా కండ్లు సూడలేదా నువ్వు?"

"చూడలేదు" అన్నాను.

"గట్లనా. ఇప్పుడు సూడు" అంటూ దగ్గరికొచ్చి, తన కింది రెప్పను తానే వేలితో గుంజిపట్టి మొహం పైకెత్తింది. వంగి చూశాను. ఎర్రగా ఉంది. చాలమ్మా అన్నాను. ఇంకో కన్ను కూడా చూసేదాకా వదల్లేదు.